కదలని పాత పడవ మోటారు: ఎక్కడ పట్టేసిందో కనిపెట్టి విడిపించడం ఎలా

తూర్పు తీరంలో వేట నిషేధం ఏప్రిల్ 15న మొదలై జూన్ 14తో ముగుస్తుంది. ఆ 61 రోజులూ గుడిసె పక్కనో, పడవ మీదే పట్టా కిందో పడి ఉన్న మోటారు తాడు జూన్ 15 తెల్లవారుజామున లాగితే జానెడు కూడా రాదు. తూపిలిపాలెం వైపు సముద్రానికి వెళ్లే పడవలకైనా, పులికాట్ సరస్సులో భీమునివారిపాలెం, ఇరకం దీవి మధ్య తిరిగే పడవలకైనా ఉప్పు చేసే పని ఒకటే. మోటారు పాతదైతే ఆ పని ఇంకా తొందరగా అవుతుంది.

ముందు ఒక తేడా తేల్చుకోండి. తాడు లాగితే ఇంజన్ తిరుగుతోంది కానీ అంటుకోవడం లేదంటే అది పెట్రోలు, కరెంటు, కార్బొరేటర్ సంగతి. అసలు తిరగడమే లేదంటే కార్బొరేటర్ విప్పినా ప్లగ్గు మార్చినా లాభం లేదు. ఇక్కడ ముఖ్యంగా చెప్పేది రెండో రకం గురించే. చాలా మోటార్లు పాడయ్యేది పట్టేసినందువల్ల కాదు, పట్టేసిన తర్వాత ఇద్దరు ముగ్గురు కలిసి తాడు లాగినందువల్ల. ఎక్కడ పట్టిందో తెలిసేదాకా బలం పెట్టకండి. తాడు చుట్టుకునే గిలక, సిలిండర్‌లో నీళ్లు, కింద గేరు పెట్టె, పైన పిస్టన్ లేదా క్రాంకు (పిస్టన్ తిప్పే ఇరుసు) బేరింగు. ఈ నాలుగింటిలోనే ఎక్కడో ఉంటుంది. సులువుగా విప్పగలిగిన చోటి నుంచి కష్టమైన చోటికి ఈ వరుసలోనే వెళ్లండి.

దగ్గర పెట్టుకోవాల్సినవి: 8, 10, 12, 13 మిల్లీమీటర్ల పానాలు, 21 మిల్లీమీటర్ల ప్లగ్ పానా, ఫ్లైవీల్ (ఇంజన్ పైన తిరిగే బరువైన చక్రం) నట్టుకు సరిపోయే సాకెట్టు, టార్చిలైటు, సూది తీసేసిన 20 మిల్లీలీటర్ల సిరంజి, అర లీటరు పవర్ స్టీరింగ్ ఆయిలు, సుద్దముక్క, పాత గుడ్డలు, బేసిన్. ఇసుకలో పని చేయకండి. కింద పట్టా పరవండి. ఒక్క ఇసుక రవ్వ ప్లగ్ రంధ్రంలో పడితే అది సిలిండర్ గోడ మీద గీత గీస్తుంది.

మొదలుపెట్టేముందు స్టాప్ స్విచ్ క్లిప్పు తీసేయండి. బ్యాటరీ ఉంటే నెగటివ్ తీగ ఊడదీయండి. పెట్రోలు పైపు తీసి ట్యాంకు దూరంగా పెట్టండి. పట్టేసిన ఇంజన్ ఒక్కసారిగా వదిలితే కింద పంకా (నీళ్లలో తిరిగి పడవను తోసే రెక్కలు) తిరుగుతుంది, పిల్లల్ని దగ్గరికి రానీయకండి.

తాడు దగ్గర మొదలుపెట్టండి

గేరు న్యూట్రల్‌లో ఉందా? చాలా మోటార్లలో గేరు వేసి ఉంటే తాడు రాకుండా ఒక తాళం ఉంటుంది. గేరు పిడి నుంచి ఒక సన్నని కేబులో కడ్డీయో పైన తాడు గిలక దాకా వెళ్లి గిలకను అడ్డుకుంటుంది. ఉప్పుకు ఆ కేబులు బిగుసుకుపోతే పిడి న్యూట్రల్ చూపిస్తున్నా పైన తాళం తీయదు. పైమూత తీసి ఒకరు పిడి ఆడిస్తుంటే ఇంకొకరు గిలక దగ్గర ఆ కొక్కెం కదులుతోందో లేదో చూడాలి. కదలకపోతే కేబులులో నూనె పోసి ఆడించండి, చాలాసార్లు దీనితోనే సమస్య తీరుతుంది.

తర్వాత గిలక పెట్టె మొత్తంగా తీసేయండి. చిన్న మోటార్లలో ఎక్కువగా మూడు బోల్టులు, 10 మిల్లీమీటర్ల పానా సరిపోతుంది. పెట్టెను తిరగేసి లోపలి గిలకను మాత్రం విప్పకండి. అందులో చుట్టి ఉన్న స్ప్రింగు ఎగిరి ముఖానికి తగులుతుంది. పెట్టె చేతిలో ఉండగా తాడు లాగి చూడండి. అప్పుడూ రాకపోతే తప్పు గిలకలోనే ఉంది: స్ప్రింగు విరిగి ఇరుక్కుని ఉంటుంది, లేదా తాడు పొర విడిపోయి పక్కకు దూరి ఉంటుంది. తాడు హాయిగా వస్తోందంటే ఇంజన్ వైపు చూడాలి. తాడు వస్తున్నా ఫ్లైవీల్‌ను పట్టుకోని మోటారులో గిలక కింద ఉండే పట్టు ముక్క తుప్పుకో ఎండిన గ్రీజుకో అతుక్కుపోయి ఉంటుంది. కిరసనాయిలుతో కడిగి, చాలా పలుచగా గ్రీజు రాస్తే మళ్లీ పనిచేస్తుంది. గ్రీజు ఎక్కువైతే దుమ్ము పట్టి మళ్లీ అతుక్కుంటుంది.

ఇప్పుడు ఫ్లైవీల్ కళ్ల ముందు ఉంది. రెండు చేతులతో అంచు పట్టుకుని, పై నుంచి చూస్తే గడియారం ముల్లు తిరిగే వైపు నెమ్మదిగా తిప్పండి. ఎదురు దిక్కుకు పూర్తి చుట్టు తిప్పకండి, కింద నీళ్ల పంపులో రబ్బరు రెక్కలు తిరగబడి చిరుగుతాయి. కొంచెం ముందుకూ వెనక్కూ ఆడించడం వరకు ఫరవాలేదు.

ప్లగ్గులు తీసి మళ్లీ తిప్పండి

ఇది రెండు నిమిషాల పని, కానీ అన్నిటికన్నా ముఖ్యమైనది. ప్లగ్గులు తీసేసి, రంధ్రాలకు ఎదురుగా ముఖం పెట్టకుండా, ఫ్లైవీల్‌ను మళ్లీ చేత్తో తిప్పండి. ఇంతసేపూ కదలనిది ఇప్పుడు తిరిగి, రంధ్రంలోంచి నీళ్లో పెట్రోలో చిమ్మితే లోపల ద్రవం నిండి ఉందన్నమాట. గాలిని పిస్టన్ నొక్కగలదు, నీటిని నొక్కలేదు. ఆ స్థితిలో తాడు బలంగా లాగితే కనెక్టింగ్ రాడ్డు (పిస్టన్‌ను క్రాంకుకు కలిపే కడ్డీ) వంగిపోతుంది. ఒకసారి వంగితే ఆ ఇంజన్ పూర్తిగా విప్పాల్సిందే.

నీళ్లు ఎలా వచ్చాయో చూడండి. పడవ తిరగబడిందా, అల మోటారు మీదుగా వెళ్లిందా, లేక మోటారును మోసుకొచ్చేటప్పుడు పంకా వైపు పైకి, తల వైపు కిందికి పెట్టారా? కాలులో, అంటే మోటారు కింది పొడవాటి భాగంలో, మిగిలిన ఉప్పునీరు పొగగొట్టం దారిలో సిలిండర్‌లోకి జారుతుంది. ఎప్పుడు మోసినా తల భాగం కాలి భాగం కన్నా ఎత్తులోనే ఉండాలి. ఇవేవీ జరగకుండానే నీళ్లుంటే హెడ్ గ్యాస్కెట్ (సిలిండర్ మూత కింద ఉండే పలుచని అడ్డు) పోయి ఉంటుంది, లేదా నీళ్ల గదికీ పొగ దారికీ మధ్య ఉన్న అల్యూమినియాన్ని ఉప్పు తినేసి చిల్లు పడి ఉంటుంది. పాత మోటార్లలో ఇది మామూలే.

నీళ్లు తీయడానికి ప్లగ్ రంధ్రాలు నేల వైపు ఉండేలా మోటారును వంచి, ఫ్లైవీల్‌ను పదిహేను ఇరవై చుట్లు తిప్పండి. తర్వాత సిరంజితో ఒక్కో సిలిండర్‌లో 10 మిల్లీలీటర్ల టూ స్ట్రోక్ ఆయిలు (పెట్రోలులో కలిపేది) పోసి మళ్లీ తిప్పండి. వచ్చింది ఉప్పునీరైతే ఆ పని ఆ రోజే ముగించాలి. మోటారు మొత్తం ఉప్పునీటిలో మునిగి, వెంటనే విప్పే మనిషి దొరకకపోతే, గాలికి ఆరనీయడం కన్నా మంచినీళ్ల డ్రమ్ములో ముంచి ఉంచడం మేలు. నీటిలో ఉన్నంతసేపు తుప్పు మెల్లగా పడుతుంది, పైకి తీసి గాలి తగిలిందంటే గంటల్లో ఎర్రబడుతుంది. నడుస్తున్నప్పుడు మునిగిన మోటారైతే రాడ్డు అప్పటికే వంగి ఉండొచ్చు. చేత్తో తిప్పుతుంటే ప్రతి చుట్టులోనూ ఒకే చోట గట్టిగా తగులుతుంటే ఆపేసి మెకానిక్కు అప్పగించండి.

ఫోర్ స్ట్రోక్ అయితే ఆయిలు పుల్ల కూడా చూడండి. ఆయిలు పాలు కలిపిన టీ రంగులో ఉంటే అందులో నీళ్లు కలిశాయి. మార్చకుండా తిప్పకండి.

కింద గేరు పెట్టె పట్టేసిందా?

ప్లగ్గులు తీసినా కదలకపోతే సగం మోటారును పక్కన పెట్టి చూడాలి. న్యూట్రల్‌లో పంకాను చేత్తో తిప్పండి. తిరగకపోతే గేరు పెట్టె మీద అనుమానం గట్టిపడుతుంది. తిరిగినంత మాత్రాన అది బాగుందని కాదు. న్యూట్రల్‌లో పంకా షాఫ్టు గేర్ల నుంచి విడిపోయి ఉంటుంది కాబట్టి, పై నుంచి వచ్చే నిలువు షాఫ్టు బేరింగు పట్టేసి ఉన్నా పంకా మాత్రం హాయిగా తిరుగుతుంది.

పంకా తీసి వెనక చూడండి. నైలాన్ వల దారం చుట్టుకుని ఉంటే కథంతా అక్కడే అర్థమవుతుంది. దారం సీలును కోస్తుంది, కోసిన చోటి నుంచి ఉప్పునీరు లోపలికి వెళ్లి గేరు ఆయిలును తెల్లటి మజ్జిగలా చేస్తుంది, నెలరోజులు వాడకుండా పెడితే బేరింగులు తుప్పుతో గట్టిపడతాయి. కింది స్క్రూ, తర్వాత పై స్క్రూ తీసి ఆయిలు బేసిన్‌లోకి వదలండి. ముందు నీళ్లు, వెనక తెల్లని ఆయిలు వస్తే సీలు పోయింది. ఇనుప రజను మెరిస్తే గేర్లు కూడా అరిగాయి.

రుజువు కావాలంటే కింది భాగాన్ని విడదీయాలి. నాలుగు నుంచి ఆరు బోల్టులు ఉంటాయి, దాంతోపాటు గేరు మార్చే కడ్డీని కలిపే చోట ఒక క్లాంపో పిన్నో విప్పాలి. ఉప్పుకు బిగిసిన బోల్టును ఒక్క ఊపులో తిప్పితే తల విరిగి చేతికొస్తుంది. తుప్పు వదిలించే స్ప్రే కొట్టి రాత్రంతా వదలండి. పొద్దున కొంచెం బిగించే వైపు కదిపి, తర్వాత విప్పే వైపు కదపండి. నిలువు షాఫ్టు పళ్లు పైన క్రాంకులో తుప్పుతో అతుక్కుని కిందికి దిగకపోతే, రెండు పక్కలా చెక్క మేకులు సమంగా దూర్చి కొద్దికొద్దిగా దించండి. ఇనుప ఉలి పెడితే అల్యూమినియం అంచు చితికిపోతుంది.

కింది భాగం ఊడిన తర్వాత ఫ్లైవీల్ తిరిగితే ఇంజన్ బాగున్నట్టే. పని గేరు పెట్టెలోనో, నీళ్ల పంపులోనో ఉంది. పంపు మూత విప్పి రబ్బరు రెక్కలు ఎలాగూ మార్చేయండి. తిరిగి బిగించేటప్పుడు షాఫ్టు పళ్ల పక్కలకే గ్రీజు రాయండి, పై కొనకు రాయకండి. కొనమీద గ్రీజు ఉంటే రంధ్రంలో అది నొక్కుకుని షాఫ్టును పూర్తిగా కూర్చోనివ్వదు. నీళ్ల గొట్టం పంపు మీది రబ్బరులోకి సరిగ్గా దూరిందో లేదో టార్చి వేసి చూడండి, అది తప్పితే మోటారు మొదటి అరగంటలోనే కాలిపోతుంది. కొత్త గేరు ఆయిలును కింది రంధ్రంలోంచి ఎక్కించాలి. పై రంధ్రంలోంచి బుడగలు లేకుండా కారేదాకా పోసి, ముందు పై స్క్రూ, తర్వాత కింది స్క్రూ బిగించండి.

పిస్టన్ పట్టేస్తే

ప్లగ్గులు లేవు, కింది భాగం లేదు, అయినా ఫ్లైవీల్ కదలడం లేదంటే పట్టింది ఇంజన్‌లోనే. ఇక్కడ రెండు రకాలున్నాయి. రెంటికీ వైద్యం వేరు.

ఆగి ఉన్నప్పుడు పట్టేసినది తుప్పు పట్టు. ప్లగ్ రంధ్రంలో టార్చి వేస్తే సిలిండర్ గోడ ఇటుక పొడి చల్లినట్టు కనిపిస్తుంది. రింగులు ఆ తుప్పులో ఇరుక్కున్నాయి. నిదానంగా చేస్తే ఇది చాలావరకు వదులుతుంది.

నడుస్తూ నడుస్తూ కీచుమని ఆగిపోయినది వేడి పట్టు. పులికాట్ లోతు తక్కువ. వేసవిలో పంకా బురదను రేపుతుంది, ఆ బురద నీళ్లు పీల్చే జల్లెడలో పేరుకుంటుంది, చల్లార్చే నీరు అందక అల్యూమినియం పిస్టన్ వ్యాకోచించి గోడకు పూసుకుపోతుంది. ఆయిలు కలపని పెట్రోలు పోసినా ఇంతే. చల్లారాక ఒక్కోసారి దానంతట అదే తిరుగుతుంది, అప్పుడు బాగైందనుకుని పడవకు కట్టకండి. హెడ్డు విప్పి గోడ మీద నిలువు గీతలు చూడండి. గోరుకు తగిలే గీతలుంటే లేత్ షాపులో బోరు చేయించి 0.25 లేదా 0.50 మిల్లీమీటర్ల ఓవర్‌సైజు పిస్టన్ వేయించాలి. నూనె పోసి నానబెడితే గీతలు పోవు.

తుప్పు పట్టుకు మందు: పవర్ స్టీరింగ్ ఆయిలు ఒక పాలు, అసిటోన్ ఒక పాలు. పెయింటు సామాను అమ్మే చోట అసిటోన్ దొరుకుతుంది. అది పెట్రోలులాగే తొందరగా ఆవిరవుతుంది, నిప్పు అంటుకుంటుంది, బీడీ కూడా దగ్గరికి రానీయకండి. ఈ రెండూ నిలకడగా కలిసి ఉండవు, పోసే ముందు ప్రతిసారీ సీసా కుదపండి. అసిటోన్ దొరక్కపోతే డీజిల్ కలపండి, ఇంకో రెండు రోజులు ఎక్కువ పడుతుంది.

పోసే పద్ధతిలోనే చాలామంది తప్పు చేస్తారు. మోటారు నిలబడి ఉన్నప్పుడు సిలిండర్లు పడుకుని ఉంటాయి, ప్లగ్ రంధ్రాలు పడవకు వెనక వైపు చూస్తాయి. అలా పోస్తే పోసినదంతా బయటికి కారిపోతుంది. మోటారును పంకా పైకి లేచేలా పూర్తిగా వంచి నిలిపితే రంధ్రాలు ఆకాశం వైపు తిరుగుతాయి. కింది భాగం విప్పి ఉంది కాబట్టి కాలులోంచి నీరు జారే భయం లేదు. అప్పుడు ఒక్కో సిలిండర్‌లో 20 మిల్లీలీటర్లు పోయండి. టూ స్ట్రోక్‌లో పిస్టన్ కిందికి ఉంటే మందు పక్క రంధ్రాల గుండా జారిపోతుంది, అందుకే ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి చూసి తగ్గినంత నింపండి. రంధ్రాలకు గుడ్డ చుట్టండి.

కనీసం రెండు రోజులు ముట్టుకోకండి. మూడో రోజు ఫ్లైవీల్ అంచు మీద, దానికి ఎదురుగా ఇంజన్ మీద ఒకే గీతగా సుద్ద గుర్తు పెట్టండి. నట్టుకు సాకెట్టు వేసి, ఒక అడుగు పొడవున్న పిడితో, నట్టు బిగిసే వైపు మెల్లగా ఒత్తిడి పెట్టి వదలండి. తర్వాత ఫ్లైవీల్ అంచు పట్టుకుని వెనక్కి ఒత్తండి. మళ్లీ ముందుకు. సుద్ద గీతలు బియ్యపుగింజంత ఎడమైనా సరే, ఆ రోజుకు అది చాలు. మళ్లీ మందు పోసి వదిలేయండి. మర్నాడు ఆ బియ్యపుగింజ చింతగింజ అవుతుంది, ఎల్లుండికి పావు చుట్టు వస్తుంది. వారం పట్టినా ఆత్రపడకండి. పావు చుట్టు వచ్చాక అదే మేరలో ముందుకూ వెనక్కూ ఆడిస్తూ ఉంటే రింగులు తుప్పును నలుపుతూ దారి చేసుకుంటాయి.

పిడికి ఇనుప పైపు తొడిగి పొడవు పెంచకండి. ఫ్లైవీల్ మీద సుత్తితో కొట్టకండి: లోపల అతికించిన అయస్కాంతాలు ఊడతాయి, క్రాంకు వంగుతుంది. పళ్ల మధ్య స్క్రూడ్రైవర్ పెట్టి మీటకండి. సెల్ఫు ఉంటే దాన్ని నొక్కి విడిపించాలని చూడకండి, పట్టేసిన ఇంజన్ మీద నొక్కితే సెల్ఫు మోటారే కాలిపోతుంది.

వారం దాటినా కదలకపోతే హెడ్డు తీయండి. బోల్టులు విరక్కుండా వచ్చాయంటే సగం పని అయినట్టే. పిస్టన్ మీద మెత్తని చెక్క ముక్క పెట్టి కొయ్య సుత్తితో చిన్నగా తట్టాలి. పిస్టన్ పూర్తిగా పై కొనలో ఉంటే తట్టి లాభం లేదు, అది ఎటూ దిగలేదు. బిగించేటప్పుడు కొత్త గ్యాస్కెట్ వేసి, మధ్య బోల్టుల నుంచి బయటికి, మూడు విడతల్లో బిగించండి.

పిస్టన్ కదిలినా తిప్పుతుంటే ఇసుక నలిగినట్టు చేతికి తెలుస్తోందంటే క్రాంకు కింది బేరింగు తుప్పు పట్టింది. అది నూనెతో బాగుపడదు.

సెల్ఫు ఉన్న మోటార్లు

ఫ్లైవీల్ చేత్తో బాగా తిరుగుతోంది, తాళం తిప్పితే మాత్రం చప్పుడు లేదంటే బ్యాటరీ నుంచి మొదలుపెట్టండి. నిండుగా ఛార్జి ఉన్న బ్యాటరీ 12.6 వోల్టులు చూపిస్తుంది. 12.2 కన్నా తక్కువైతే సగం ఖాళీ. తాళం తిప్పినప్పుడు 9.6 కన్నా కిందికి పడిపోతే బ్యాటరీలో పస లేదు. బాగున్న బ్యాటరీకి కూడా కొనల మీద తెల్లటి పచ్చటి పొడి పేరుకుంటే కరెంటు పోదు. వేడినీళ్లలో వంటసోడా కలిపి కడిగి, గరుకు కాగితంతో మెరిసేదాకా రుద్ది బిగించండి. తర్వాత ఫ్యూజు, గేరు న్యూట్రల్ స్విచ్. టక్కుమని ఒక్క శబ్దం వచ్చి ఆగితే సాలినాయిడు పనిచేస్తోంది కానీ లావు తీగల్లో కరెంటు చాలడం లేదు, లేదా సెల్ఫు కార్బన్ బ్రష్షులు అరిగిపోయాయి.

విడిపోయాక వెంటనే స్టార్ట్ చేయకండి

ప్లగ్ రంధ్రాలు కిందికి వంచి మందంతా కార్చండి. ఒక్కో సిలిండర్‌లో 10 మిల్లీలీటర్ల టూ స్ట్రోక్ ఆయిలు పోసి, చేత్తో ముప్ఫై చుట్లు తిప్పి, కింది భాగం బిగించండి. ప్లగ్ తీగలను ఇంజన్ ఇనుముకు తగిలేలా కట్టి, యాక్సిలరేటర్ పూర్తిగా తెరిచి, కంప్రెషన్ గేజి పెట్టి ఐదారుసార్లు తాడు లాగండి. తీగలు గాలిలో వదిలేస్తే ప్లగ్గులకు కరెంటు ఇచ్చే పెట్టె పోయే ప్రమాదం ఉంది. చిన్న టూ స్ట్రోక్ మోటారుకు 100 పీఎస్ఐ దాటితే ధైర్యంగా నడపొచ్చు. రెండు సిలిండర్ల మధ్య తేడా పదిహేను శాతం మించకూడదు. ఒకటి మరీ తక్కువగా ఉంటే రింగు ఇంకా గాడిలో ఇరుక్కునే ఉంది.

మొదటి ట్యాంకుకు ఆయిలు రెట్టింపు పోయండి. మామూలుగా లీటరు పెట్రోలుకు 20 మిల్లీలీటర్లు పోసే మోటారుకు ఈసారి 40. కిరసనాయిలుతో నడిచే మోటారైనా ఈ మొదటి ట్యాంకు పెట్రోలుతోనే కానివ్వండి. 200 లీటర్ల డ్రమ్ములో, పంకా పైన ఉండే అడ్డరేకు మునిగేలా మంచినీళ్లు నింపి, న్యూట్రల్‌లో పదిహేను నిమిషాలు మెల్లగా నడపండి. మొదట్లో తెల్లటి పొగ దట్టంగా వస్తుంది, అది నానబెట్టిన నూనె. పక్క రంధ్రంలోంచి నీటి ధార నిమిషంలోపు రావాలి. రాకపోతే వెంటనే ఆపి పంపు చూడండి. తర్వాత ప్లగ్గులు తీసి తుడిచి మళ్లీ వేయండి.

వచ్చే నిషేధానికి మోటారు దించేముందు అదే డ్రమ్ములో పది నిమిషాలు మంచినీటితో నడిపి, పెట్రోలు పైపు పీకి కార్బొరేటర్ ఖాళీ అయ్యేదాకా వదిలి, ప్లగ్ రంధ్రాల్లో చెరో 10 మిల్లీలీటర్ల ఆయిలు పోసి తాడు నాలుగుసార్లు లాగండి. నిలువుగా చెక్క స్టాండు మీద నీడలో పెట్టండి, పట్టా మాత్రం గట్టిగా చుట్టకండి, లోపల చెమ్మ నిలుస్తుంది. వారానికొకసారి, ఇంట్లో ఎవరైనా సరే, తాడు మెల్లగా రెండుసార్లు లాగి వదిలితే పిస్టన్ ఒకే చోట నిలవదు.